గతుక్కీ ఒక చిరునామా

ఏవండీ, కాస్త తీరిక చేసుకుని కూర్చోండి. ఇవాళ స్పీడ్ బ్రేకర్ల గురించి మాట్లాడుకుందాం. "దాని గురించి మాట్లాడుకోవడానికేముంది, ఎక్కి దిగడమేగా" అంటారేమో. ఆ ఎక్కడం, దిగడంలోనే బోలెడు సంగతి ఉంది. ఏ బ్రేకర్ ఎలా ఎక్కించి ఎలా దింపుతుందో తెలిసిన మనుషులు విశాఖపట్నంలో వేలమంది ఉన్నారు. వాళ్లకి తెలిసినది మన ఫోన్లలోని మ్యాపులకి మాత్రం తెలియదు. నా బాధ అదే.

మా పేటలో ఆటో నడిపే ఒకాయన ఉన్నాడు. ఎక్కడికైనా వెళ్లాలంటే ముందు దూరం లెక్కేయడు, బ్రేకర్లు లెక్కేస్తాడు. "అటేపు ఎల్తే నాలుగు తగుల్తాయి బాబూ. అందులో ఒకటి మరీ మొనదేలి ఉంటాది. ఇటేపు రెండే. రెండూ మెత్తగా ఎక్కి మెత్తగా దిగుతాయి. నెలలు నిండిన మనిషి బండిలో ఉంటే నేను ఇటే ఎల్తాను" అంటాడు. ఆయన చేసిన పని గమనించారా? బ్రేకర్లను రకాలుగా విడదీశాడు. ఏ రకం ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాడు. దాన్నిబట్టి దారి ఎంచుకున్నాడు. ప్రపంచమంతటా డిజిటల్ పటాలు గీసేవాళ్లు కూర్చుని చర్చించుకుని ఏర్పరచుకున్న పద్ధతి కూడా సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే. ఆటో ఆయన పటం ఆయనతోనే ఉండిపోతుంది. దాన్ని అందరి పటంలోకి ఎలా ఎక్కించాలన్నదే ఇవాళ్టి కబురు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే కుర్రాడు మొదలుపెట్టాడు. ప్రపంచ పటాన్ని జనమే గీయాలి, గీసింది జనమే వాడుకోవాలి అన్నది దాని నియమం. జగదాంబ జంక్షన్ ఎక్కడుందో, పూర్ణా మార్కెట్‌కి ఏ సందులోంచి వెళ్లాలో, ఉక్కునగరంలో ఏ సెక్టారు తర్వాత ఏ సెక్టారు వస్తుందో, ఇవన్నీ మనలాంటివాళ్లెవరో ఓపిగ్గా కూర్చుని గీస్తేనే అందులోకి వస్తాయి. అందులో రోడ్డంటే ఒక గీత. ఆ గీత మీద బ్రేకర్ ఉంటే, ఉన్నచోట ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్కకి 'ట్రాఫిక్ కామింగ్' అని శీర్షిక తగిలించి, పక్కన రకం రాయాలి. బంప్, హంప్, టేబుల్, కుషన్, రంబుల్ స్ట్రిప్, చికేన్, చోకర్, ఐలండ్, డిప్ అని ఒక పట్టిక ఉంది. రకం తేల్చుకోలేకపోతే ఉత్తినే 'ఉంది' అని రాసి వదిలెయ్యొచ్చు. మనవాళ్లు ఎక్కువగా ఈ 'ఉంది' దగ్గరే ఆగిపోతారు, లేదా కనబడ్డ ప్రతిదానికీ బంప్ అని తగిలించేస్తారు. అలా చేయకూడదని ఎందుకంటున్నానో చెబుతాను.

బంప్‌కీ హంప్‌కీ తేడా ఏమిటో ముందు చూద్దాం. రెంటి ఎత్తూ ఇంచుమించు ఒకటే ఉండొచ్చు. పొడవులోనే ఉంది కిటుకు. పొడవంటే బండి నడిచే దిశలో పొడవు. బంప్ ఒక అడుగు పొడవుంటుంది, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. హంప్ రెండు మొదలు నాలుగు మీటర్ల దాకా సాగి, మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. మీరు కారులో ఉన్నారనుకోండి. బంప్ మీద నెమ్మదిగా వెళితే ఒళ్లంతా కుదుపుతుంది. వేగంగా వెళితే చక్రం చటుక్కున ఎక్కి చటుక్కున దిగిపోతుంది. టైరూ స్ప్రింగులూ కలిసి ఆ దెబ్బను మింగేస్తాయి, లోపల కూర్చున్నవాళ్లకి పెద్దగా తెలియదు. అంటే వేగంగా పోయేవాడికి బహుమానం, నెమ్మదిగా పోయేవాడికి శిక్ష. హంప్ అలా కాదు. అది పొడవుగా ఉంటుంది గనక చక్రంతోపాటు బండి మొత్తం పైకి లేస్తుంది. వేగం పెరిగిన కొద్దీ కుదుపూ పెరుగుతుంది. వేగంగా పోదామన్నవాడికే బుద్ధి చెబుతుంది.

ఈ రహస్యం కనిపెట్టడానికి పెద్దపెద్దవాళ్లే కూర్చున్నారు. ఎక్స్‌కిరణాల మీద పరిశోధనకి 1927లో నోబెల్ బహుమతి అందుకున్న ఆర్థర్ కాంప్టన్ తెలుసుగా, ఆయన అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా ఉన్నప్పుడు తన కార్యాలయం ముందు నుంచి కార్లు దూసుకుపోవడం చూడలేక, 1953లో తానే కూర్చుని వేగం తగ్గించే గతుకులకి రూపకల్పన చేశాడు. అణువు గర్భం చూసినవాడు విద్యార్థులు రోడ్డు దాటడం గురించి తల పట్టుకున్నాడన్నమాట. నాకు ఆయన మీద గౌరవం ఇంకాస్త పెరిగిన కథ ఇది. తర్వాత 1973లో బ్రిటన్‌లోని రవాణా, రోడ్డు పరిశోధనాలయంలో వాట్స్ అనే ఆయన రకరకాల ఆకారాలు పోసి, వాటి మీద రకరకాల బండ్లు నడిపించి చూసి, పన్నెండడుగుల పొడవూ నాలుగంగుళాల ఎత్తూ ఉన్న గుండ్రటి హంప్ మేలని తేల్చాడు.

ఇప్పుడు మన దేశానికి రండి. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో స్పీడ్ బ్రేకర్ల కోసం 99వ నంబరు మార్గదర్శకం ప్రచురించింది. 2018లో దాన్ని ఊళ్లకీ పల్లెలకీ సరిపడేలా తిరగరాశారు. మామూలు వాహనాలు గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటాలంటే హంప్ ఎలా ఉండాలో 1988 నాడే రాసిపెట్టారు. పొడవు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్క. వాట్స్ చెప్పిన పన్నెండడుగులూ నాలుగంగుళాలే ఇవి. ఇంట్లో తొమ్మిదో పదో చదువుతున్న పిల్లలుంటే లెక్క చేయించండి. పొడవులో సగం 1.85, దాని వర్గం 3.42. ఎత్తు వర్గం 0.01. రెండూ కలిపి, ఎత్తుకి రెట్టింపైన 0.2తో భాగిస్తే 17 పైచిలుకు వస్తుంది. జ్యామితి పాఠం వీధిలోనే ఉంది. హంప్‌కి 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు పెట్టాలని, తెలుపూ నలుపూ చారలు వేయాలని కూడా అందులోనే ఉంది.

మన కాలనీల్లో ఉన్నవి ఈ కొలతకి సరిపోతాయా? చాలాచోట్ల సరిపోవు, ఆ సంగతి మీకూ తెలుసు. ఎందుకు సరిపోవో కూడా చూడాలి. వీధిలో ఓ పిల్లాడికి బండి తగులుతుంది. ఆ రాత్రి వీధి వీధంతా బయటికొస్తుంది. ఎవరో సిమెంటు బస్తా తెస్తారు, ఎవరో కంకర తెస్తారు. తెల్లారేసరికి అడ్డంగా ఒక గట్టు లేస్తుంది. వేసినవాళ్లకి 17 మీటర్ల వ్యాసార్ధం తెలియదు, భయం తెలుసు. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ గట్టు వల్ల దెబ్బ తినేది ఎవరో కూడా చెప్పుకోవాలి. పెద్ద కారువాడు మింగేసి పోతాడు. స్కూటర్ వెనకాల పక్కకి తిరిగి కూర్చున్న ఆడమనిషి ఎగిరి పడుతుంది. ఆటోలో వెనకసీటు చివర కూర్చున్న ముసలాయన వెన్ను పట్టుకుంటాడు. చారలు చెరిగిపోయిన గట్టయితే రాత్రిపూట మోటారు సైకిలు మీద వచ్చే కుర్రాడికి కనబడనే కనబడదు. పిల్లల కోసం వేసిన గట్టు పెద్దవాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే పటంలో ఇది బంప్, ఇది హంప్ అని విడివిడిగా రాయమంటున్నాను. బంప్ అని రాసిన చుక్కలన్నీ ఒకచోట చేరిస్తే, ఏ వీధుల్లో గట్లు తీసి హంపులు వేయాలో ఆ జాబితా దానంతటదే తయారవుతుంది.

మన ఊరికి మరో ప్రత్యేకత ఉంది. విశాఖ అంతా ఎత్తుపల్లాలే. కొండ మీంచి సముద్రం వైపుకి దిగే రోడ్లని మనం 'డౌన్' అంటాం. కేజీహెచ్ డౌన్, పాండురంగాపురం డౌన్ అని. ఇలాంటి వాలు రోడ్ల మీద బ్రేకర్ వేస్తే రెండు సంగతులు జరుగుతాయి. దిగేవాడి బరువంతా ముందు చక్రం మీద పడి ఉన్నప్పుడే గట్టు ఎదురవుతుంది. ఎక్కేవాడు ఊపు పోగొట్టుకుని మళ్లీ మొదటి గేరులోకి రావాలి. ఇక వానాకాలం. పైనుంచి ఉరుకుతూ వచ్చే నీళ్లకి ఆ గట్టు ఆనకట్ట అవుతుంది. అందుకని పక్కన కాలువ దగ్గర జానెడో మూరెడో వదిలి పోస్తారు. ద్విచక్ర వాహనాలన్నీ ఆ సందులోంచి దూరతాయి, సరిగ్గా పాదచారులు నడిచే జాగాలోంచి! అంచున సందు ఉందా లేదా అన్నది పటంలో గమనికగా రాసి పెడితే నడిచేవాళ్లకి ఎంత ఉపకారమో.

ఆ సందునే తెలివిగా వాడుకునే రకం కూడా పట్టికలో ఉంది. దాన్ని కుషన్ అంటారు. రోడ్డుకి అడ్డంగా ఒకే గట్టు కాకుండా, మధ్య మధ్య ఖాళీలు వదిలి విడివిడి దిమ్మలుగా పోస్తారు. కారు చక్రాల మధ్య వెడల్పు తక్కువ, అది ఎక్కక తప్పదు. బస్సుకీ పెద్ద అంబులెన్సుకీ వెడల్పు ఎక్కువ, దిమ్మకి అటూ ఇటూ చక్రాలు పెట్టుకుని కుదుపు లేకుండా దాటిపోతాయి. మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు 2005 ఆగస్టు 15 నుంచి నడుస్తున్నాయి. కేజీహెచ్ అని మనం పిలిచే కింగ్ జార్జ్ ఆసుపత్రికి నూరేళ్లు దాటాయి, అది తెరిచింది 1923లో. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూడా ఆ గుమ్మానికే రోగులొస్తారు. నడుము విరిగిన మనిషికి, రక్తం పోతున్న మనిషికి ఆఖరి రెండు కిలోమీటర్లలో తగిలే ప్రతి గట్టూ ఒక దెబ్బే. ఆసుపత్రుల చుట్టుపక్కల రోడ్ల మీద ఉన్న ప్రతి బ్రేకరూ రకంతో సహా పటంలో ఉండాలన్నది నా మొదటి కోరిక. డ్రైవరు ఒక కిలోమీటరు చుట్టూ తిరిగినా సరే, మెత్తటి దారి పట్టగలగాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడిచే ఓఎస్‌మాండ్ లాంటి యాప్‌లు బ్రేకర్ వస్తోందని ముందే చెప్పగలవు. చెప్పాలంటే మాత్రం చుక్క ఉండాలిగా!

టేబుల్ అనేది హంప్‌కి అన్న. మెల్లగా ఎక్కి, పైన కారు నాలుగు చక్రాలూ పట్టేంత చదునుగా సాగి, మెల్లగా దిగుతుంది. ఆ చదును మీదే జీబ్రా చారలు వేస్తే నడిచేవాడు కాలిబాట ఎత్తులోనే రోడ్డు దాటేస్తాడు. చక్రాల కుర్చీ దిగనక్కర్లేదు, ఎక్కనక్కర్లేదు. రోడ్డు మనిషిది, బండి అతిథి అని గుర్తుచేసే ఏర్పాటు ఇది. నన్నడిగితే ప్రతి బడి ముందూ వేయవలసింది ఇదే. పటంలో దీన్ని రాసేటప్పుడు టేబుల్ అన్న మాటతోపాటు అదే చుక్కకి పాదచారుల దాటుడు అన్న గుర్తు కూడా తగిలించాలి.

జాతీయ రహదారి సంగతికొద్దాం. పదహారో నంబరు రహదారి మన ఊరి కడుపులోంచి వెళుతుంది. గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, ఇవన్నీ దాని మీదివే. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు వరుసల రోడ్డు వచ్చాక దూరప్రయాణపు లారీలు కొన్ని అటు మళ్లాయి గానీ, ఊళ్లో రద్దీ ఊళ్లోనే ఉంది. జాతీయ రహదారుల మీద స్పీడ్ బ్రేకర్లు ఉండరాదని, ఉన్నవి తీసేయాలని కేంద్ర రవాణా శాఖ 2016లో చెప్పింది. నూటికి నూరుపాళ్లు న్యాయం. ఎనభైలో వచ్చేవాడికి గట్టు ఎదురైతే వెనకాల లారీ ఆగదు. అక్కడ వేయవలసినవి రంబుల్ స్ట్రిప్పులు. దళసరి తెల్లరంగుతో వరసగా గీసే పట్టీలన్నమాట. అవి బండిని ఆపవు, గరగరమని శబ్దం చేసి డ్రైవరుని లేపుతాయి. వీటిని బంప్ అని పటంలో రాస్తే పెద్ద పొరపాటు. యాప్ అనవసరంగా హెచ్చరిస్తుంటే, నాలుగుసార్లు చూసి డ్రైవరు ఆ హెచ్చరికనే లెక్కచేయడం మానేస్తాడు. ఐదోసారి నిజంగా గట్టు వస్తుంది.

ఇక మన రేవు, మన ఉక్కు. 1933లో రేవు తెరిచారు. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. ఈ రెంటి మధ్యా, వాటి చుట్టూ తిరిగే బండ్లు మామూలువి కావు. రాడ్ల కట్టలు, వైర్ రాడ్ చుట్టలు వేసుకున్న ట్రెయిలర్లు, బొగ్గు లారీలు, కంటెయినర్లు, మల్కాపురం వైపు నుంచి ఆయిల్ ట్యాంకర్లు. నిండు లోడుతో ఉన్న ట్రెయిలర్ ఒక్కసారి గట్టు దగ్గర ఆగిపోతే, మళ్లీ కదలడానికి మొదటి గేరు నుంచి ఎంత డీజిలు తాగుతుందో ఆ డ్రైవర్లనే అడగండి. ఇరుసు దిగినప్పుడు పక్క ఇళ్ల కిటికీలు గడగడలాడడం సింధియా వైపూ శ్రీహరిపురం వైపూ ఉండేవాళ్లని అడగండి. ట్యాంకర్‌లో నూనె ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అది ఆగేదాకా బండి చేతిలో ఉండదు. కాబట్టి లారీలు తిరిగే రోడ్డు మీద చుక్క పెట్టేటప్పుడు రకం మరింత జాగ్రత్తగా చూడాలి. ఊరికి కొత్తగా రాజస్థాన్ నుంచో పంజాబ్ నుంచో వచ్చిన లారీ డ్రైవరుకి ఆ పటమే కళ్లు.

పోలీసులు రోడ్డు మీద అటొకటి ఇటొకటి బారికేడ్లు పెట్టి, వంకర టింకరగా నడిపిస్తారు చూశారా? రాత్రిపూట బీచ్ రోడ్డులో పందేలు వేసుకునే కుర్రాళ్ల కోసం ఎక్కువగా పెడుతుంటారు. రూపంలో అది చికేన్. రోడ్డుని కావాలని వంచి వేగం తగ్గించడం. అయినా దాన్ని పటంలో పెట్టకూడదు. పొద్దున్నే తీసేస్తారు, రేపు ఇంకోచోట పెడతారు. నేల మీద నిలిచి ఉన్నదాన్నే రాయాలన్నది ఈ పటం గీసేవాళ్ల మొదటి కట్టుబాటు. పల్లెల్లో మోకు తాడు అడ్డంగా వేసి మేకులు కొడతారు, దానికీ అదే మాట. ఆరు నెలలైనా కదలకుండా ఉంటే రాయండి, పండగకి వేసి పండగ వెళ్లాక తీసేసేదైతే వదిలేయండి. బోల్టులు బిగించిన పసుపూ నలుపూ రబ్బరు బ్రేకర్లు మాత్రం నిలిచి ఉండేవే. అవి బంపులు. కాకపోతే ఏడాది తిరిగేసరికి సగం ముక్కలు ఊడిపోయి బోల్టులు మొలుచుకొస్తాయి. మళ్లీ మళ్లీ చూసి దిద్దాలి.

ఆ బోల్టుల మాట ఎత్తితే నాకు సింహాచలం అప్పన్న గిరిప్రదక్షిణ గుర్తొస్తుంది. ఆషాఢ పౌర్ణమికి లక్షలమంది తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు కొండని చుట్టి వస్తారు. రాత్రంతా నడక, చాలామందివి వట్టి కాళ్లు, పైన వాన. బ్రేకర్ల పటం బండ్లకే పనికొస్తుందనుకుంటాం. ఆ రాత్రి ఆ దారిలో ఎక్కడ బోల్టు లేచి ఉంది, ఎక్కడ రంబుల్ పట్టీలు వానకి జారుతున్నాయి అని ముందే రాసి ఉంటే, ప్రదక్షిణకి వారం ముందు ఒక్క ముఠా కూలీలు తిరిగి అన్నీ సరిచేసేయొచ్చు. అప్పన్న భక్తులకి మజ్జిగా పులిహోరా పంచేవాళ్లు దారిపొడుగునా ఉంటారు. ఈ సేవ కూడా అందులో చేరాలని నా కోరిక.

ఏవి రాయకూడదో కూడా చెప్పుకోవాలి, తగాదాలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. మంచినీళ్ల పైపు కోసమో కేబుల్ కోసమో రోడ్డు కోసి, మట్టీ కంకరా ఉబ్బెత్తుగా కప్పి వెళ్లిపోతారు. బండి ఎగురుతుంది, వేగమూ తగ్గుతుంది. అయినా అది బ్రేకర్ కాదు. వేగం తగ్గించాలన్న ఉద్దేశంతో వేసినదే ఈ పట్టికలోకి రావాలి. మిగతాదంతా రోడ్డు నునుపు ఎలా ఉందో చెప్పే వేరే గడిలోకి పోతుంది. ఫ్లైఓవర్ అతుకుల దగ్గర తగిలే దెబ్బ కూడా బ్రేకర్ కాదు. రైల్వే గేటు పట్టాలు కావు, వాటికి వేరే గుర్తుంది. వాన నీరు దాటడానికి రోడ్డుకి అడ్డంగా పల్లంగా వదిలిన కాలువ డిప్ కాదు. వేగం కోసం కావాలని పల్లం చేస్తేనే అది డిప్.

ఇంత గొడవ ఎందుకు, ఫోన్లే కనిపెట్టేస్తాయిగా అంటారా? కొంతవరకు నిజమే. 2008లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు బెంగళూరులో నెరిసెల్ అనే ప్రయత్నం చేశారు. ఫోన్‌లోని కుదుపు గుర్తించే పరికరంతో గతుకులూ బ్రేకులూ, మైకుతో హారన్లూ పట్టుకున్నారు. అదే ఏడు అమెరికాలో ఎంఐటీవాళ్లు బోస్టన్ టాక్సీలకి పరికరాలు బిగించి గుంతలు వెతికారు. గుంతనీ, రైలు పట్టాలనీ, మ్యాన్‌హోలు మూతనీ, వంతెన అతుకునీ వేరుచేయడానికే వాళ్లు నానా అవస్థ పడ్డారు. యంత్రానికి దెబ్బ తెలుస్తుంది. ఆ దెబ్బ ఎవరు ఎందుకు వేశారో తెలియదు. ఉపగ్రహ చిత్రంలో చూద్దామంటే, చారలు కొత్తగా వేసినవే కనబడతాయి. చెట్ల నీడలో ఉన్నవీ, రంగు పోయినవీ కనబడవు. ప్రమాదకరమైనవి సరిగ్గా ఆ రంగు పోయినవే! అందుకే మనిషి నిలబడి చూడవలసిందే. ఆటో ఆయన చూసినట్టు.

ఒక పెద్దమనిషి నాతో వాదించాడు, "ఇవన్నీ పటంలో పెడితే జనం బ్రేకర్లు లేని సందుల్లోకి దూరతారు, అక్కడ ఆడుకునే పిల్లల గతేమిటి" అని. మంచి ప్రశ్నే. నా జవాబు ఇది. సందుల్లోకి దూరేవాడికి దారి ఇప్పటికే తెలుసు. తెలియనిది అంబులెన్సుకీ, అధికారికీ. ఆ సందులో ఒక్క హంపూ లేదని పటం చూపిస్తే, అక్కడ కావాలని అడిగే హక్కు ఆ వీధివాళ్లకి కాగితం మీద దొరుకుతుంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఏ అనే సెక్షను చేర్చారు. రోడ్డు ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం వల్ల ప్రాణం పోయినా అంగవైకల్యం కలిగినా, కట్టినవాళ్లకీ చూడవలసినవాళ్లకీ లక్ష రూపాయల దాకా జరిమానా. ప్రమాణం కాగితం మీద ఉంది, శిక్ష కాగితం మీద ఉంది. ఏ వీధిలో ఏముందన్న కాగితమే మనకి లేదు. పౌరులు రాసిన పటం ఆ మూడో కాగితం కావాలని నా ఆశ. నగరపాలక సంస్థ కూడా తాను వేసిన ప్రతి బ్రేకర్‌నీ కొలతలతో సహా అందరికీ కనబడేలా ప్రకటిస్తే ఇంకా మేలు. వేసిన గుత్తేదారు బిల్లులో కొలతలు ఎలాగూ రాస్తాడు కదా.

మీకు చేతనైన పని చాలా చిన్నది. ఫోన్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని దిద్దే యాప్ ఒకటి వేసుకోండి, వీధిలో నిలబడే చుక్క పెట్టేయొచ్చు. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డయితే పటంలో రెండు గీతలుంటాయి, ఏ వైపు బ్రేకర్‌ని ఆ వైపు గీత మీదే పెట్టండి. కూడలి చుక్క మీద పెట్టకండి, నాలుగు రోడ్లకీ ఉన్నట్టు అర్థమవుతుంది. వేరే కంపెనీ మ్యాపులో చూసి ఎక్కించకండి, అది వాళ్ల సొత్తు. మీ కళ్లతో చూసినదే రాయండి. రకం కోసం టేపు అక్కర్లేదు, అడుగులు వేసి చూడండి. ఒక్క అడుగులో దాటితే బంప్. నాలుగైదు అడుగులు పడితే హంప్. పైన చదునుంటే టేబుల్. మధ్యలో ఖాళీలుంటే కుషన్. రోడ్డు మీద బండ్లు లేని వేళ చూసుకుని, ఒడ్డున నిలబడి కొలవండి.

వచ్చే ఆదివారం పొద్దున్న మీ వీధితో మొదలుపెట్టండి. ఆ తర్వాత మీ పిల్లల బడి ముందున్నది, ఆ తర్వాత మీకు దగ్గరి ఆసుపత్రి దారిలో ఉన్నవి. మీ పేటలో ఆటో స్టాండు దగ్గర ఎవరినైనా అడిగితే ఏది ఎక్కడుందో వరసపెట్టి చెబుతారు. వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లండి.